అప్పన్న వైపు తిప్పిన దుంపలు

ఆ రోజుల్లో మాకు తెలియనివి చాలా ఉండేవి. తెలియనివన్నీ మూటగట్టి దేవుడి నెత్తిన పెట్టేసి హాయిగా నిద్రపోయేవాళ్లం. వాన ఎక్కువ కురిసినా, చెరకు ఎండినా, ఆవు పాలివ్వకపోయినా సింహాద్రి అప్పన్నకి మా మీద ఏదో కోపమొచ్చిందనేవాళ్లం. (ఆ స్వామి సముద్రానికి అవతల, మా తాతలు ఓడెక్కిన సీమలో, కొండమీద ఉన్నాడు. మారిషస్‌లో మా ఆవుని కనిపెట్టుకుని ఉండేంత తీరిక ఆయనకెక్కడిదని ఎవరూ అడగలేదు.) ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఒక్క మా అత్త విషయంలో మాత్రం నవ్వలేను.

అత్త అంటే మా నాన్నకి అక్క. నువెల్ ఫ్రాన్స్ అనే ఊళ్లో చెరకు తోటల అంచున వాళ్లకో గడ్డికప్పు ఇల్లు, వెనకాల కాస్త నేల ఉండేవి. నాకు చక్కెర మిల్లులో కొత్తగా పని దొరికి వాళ్లింట్లో దిగాను. వాళ్లకి పిల్లల్లేరు. అందుచేత పుట్టని పిల్లలందరి వాటా అన్నం కూడా అత్త నా కంచంలోనే వడ్డించేది, నేనూ ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక తినేసేవాణ్ణి. అంతకు ముందు ఏడు మావకి చలిజ్వరం పట్టుకుంది. ఆ జ్వరం ఊళ్లో చాలామందిని తీసుకుపోయింది. మావ చాపకి అతుక్కుపోయినప్పుడు అత్త అప్పన్నకి మొక్కుకుంది: ఈయన లేచి నడిస్తే, మా నేలలో మొదటిసారి పండే బంగాళాదుంపలు ముందు నీకే, నీ భజన నాడు వండి అందరికీ పెడతాను అని. మావ లేచాడు. దుంపలూ పండాయి. భజన మాత్రం ఇంకా చాలా వారాలుంది.

ఊళ్లో ఎవరైనా దుంపలు తవ్వితే గోనెసంచిలో పోసి మంచం కిందకి తోసేవారు. అత్తకి అది నచ్చలేదు. స్వామికి మొక్కుకున్నదాన్ని ఎలకల మధ్యా, మావ మట్టిబూట్ల మధ్యా పెడతారా? దుంపలన్నీ కడిగి, తన పెళ్లినాటి పాత చీరతో తుడిచి, తూర్పు కిటికీ దగ్గర అప్పన్న పటం ముందు ఒక బల్ల వేసి వరసగా పేర్చింది. పొద్దుటి ఎండ వాటి మీద పడి నిగనిగలాడుతుంటే చూసి మురిసిపోయింది. ఆ తర్వాత ఆమెకి ఇంకో సంగతి తోచింది. దుంపకి ఒక వైపే స్వామి వైపు ఉంటుంది కదా, రెండో వైపు మాటేమిటి? అప్పట్నించీ రోజూ స్నానం చేసి రాగానే దుంపల్ని ఒక్కొక్కటే తిప్పేది. ఏ దుంపా స్వామికి వీపుపెట్టి ఉండకూడదన్నది ఆమె పట్టుదల.

“పోమ్‌దెతేర్‌కి మొకం ఎటో ఈపు ఎటో నీకెలా తెలుస్తాదే?” అని మావ, దుంపని క్రియోల్ పేరుతోనే పిలుస్తూ, అడిగేవాడు. అత్త తన పాటికి తిప్పుకుంటూ పోయేది.

కొన్నాళ్లకి దుంపలకి పచ్చరంగు పట్టింది. ముందు ఒక నీడలాగా, తర్వాత లేత అరటికాయల్లాగా. ఎండ ఏ మూలనీ వదల్లేదు, అత్త వదలనివ్వలేదు. భజనకి ముందురోజు వంటకి సాయం వచ్చిన ఆడవాళ్లు వాటిని చూసి ఆగిపోయారు. ఇవి తినొచ్చా అన్న చర్చ మా వాకిట్లో మొదలైంది. షుషు కాయ పచ్చగా లేదా, బ్రేద్ ఆకులు పచ్చగా లేవా, అవి తినడం లేదా అని ఒకావిడ. కాయ పచ్చగా ఉండొచ్చు గానీ మట్టిలో పెరిగేదానికి పచ్చరంగేమిటని ఇంకొకావిడ. అమ్మోరికి ఇష్టమైన రంగు కాబట్టి అమ్మోరు కూడా వచ్చి చూసి వెళ్లిందని మూడో ఆవిడ. (ముగ్గురూ కలిసి నా వైపు చూశారు, మిల్లులో పనిచేసేవాడికి తెలియకపోతుందా అన్నట్టు. నేను మీసం వస్తున్న చోట నిమురుకున్నాను. అంతకు మించి నాకేమీ తెలియదు.) చివరికి భజన నడిపే పెద్దాయన్ని అడిగారు. ఆయన్ని అందరం తాళాల తాత అనేవాళ్లం. ఆయన దుంపల్ని చూడకుండానే తేల్చేశాడు: మొక్కుకున్నది పారేస్తే స్వామి మొహాన కొట్టినట్టే. అత్త ఇంకో అడుగు ముందుకేసింది. దేవుడి సొత్తులో తొక్క కూడా పారేయకూడదని తొక్కతోనే వండింది. పుల్లటి చింతపండూ, బెల్లమూ, కరివేపాకూ వేసి ఆమె చేసిన ఆ కూర వాసనకి నా ఉపవాసం సగం చెడిపోయింది.

మధ్యాహ్నం అరిటాకులు వేశారు. తాళాల తాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు కదలకుండా ఉండిపోయాడు. తర్వాత కళ్లు మూసుకుని మింగి, “అప్పన్న ప్రసాదం” అన్నాడు. ఇక ఎవరు కాదంటారు? చేదుగా ఉంది, నాలుక చివర మంటగానూ ఉంది. కానీ ప్రసాదం చేదుగా ఉందని పైకి అనగలిగేవాడు మా ఊళ్లో పుట్టలేదు. అందరూ కళ్లు మూసుకుని మింగారు. నేను ఇంకోసారి కూడా వేయించుకున్నాను. అత్త గరిటె పట్టుకుని నా ఎదురుగా నిలబడి, అంత సంతోషంగా చూస్తుంటే వద్దనడం నా వల్ల కాలేదు.

తర్వాత దీపం చుట్టూ తిరుగుతూ పాడే భజన. ఆ రోజే మొదటిసారిగా నా చేతికి తాళాలిచ్చారు. నలుగురూ చూడాలని ఛాతీ విరుచుకుని వాయిస్తున్నాను. ముందు డోలు వాయించేవాడు పక్కకి తప్పుకున్నాడు. ఏదో పనుందనుకున్నాం. తర్వాత గొంతెత్తి పాడేవాడు చరణం మధ్యలో చెరకులోకి పరుగెత్తాడు. ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి దీపం చుట్టూ తాళాల తాతా, నేనూ మిగిలాం. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. ఆయన వయసుకి గౌరవమిచ్చి ముందు ఆయన్ని వెళ్లనిచ్చాననుకునేరు, అదేం లేదు, ముందు నేనే పరుగెత్తాను. చెరకు తోట నిండా భక్తులే. ఎవరి మూలుగు ఏ రాగంలో ఉందో ఇప్పటికీ చెప్పగలను.

మర్నాటికి అందరూ లేచి తిరిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. తాళాల తాత సైతం, ఒంట్లో మలినమంతా స్వామి కడిగేశాడని చెప్పుకుని పరువు నిలుపుకున్నాడు. ఊరంతా నవ్వుకుంది. అత్త ఒక్కతే నవ్వలేదు. మొక్కుకున్న మనిషి కాబట్టి అందరూ తిని, భజన కూడా అయ్యాక తినాలని కూర్చుంది, ఆ లోపే గొడవ మొదలైంది. ఆమె ఆకులో కూర అలాగే చల్లారిపోయింది. ఆ సాయంత్రం నేను చెరకులోంచి వచ్చి ముఖం కడుక్కునేసరికి ఆ ఆకు ముందే కూర్చుని ఉంది.

“సామి తీసుకోలేదురా,” అంది. “మొక్కు తిరగ్గొట్టేసేడు. మీ మావని మళ్లీ అడుగుతాడు.”

ఆ మాట ఆమెలోంచి పోలేదు. మళ్లీ ఆ నేలలో బంగాళాదుంప వేయనివ్వలేదు. ఎవరింట్లో వండినా ముట్టలేదు. మావ తుమ్మితే చాలు, లేచి పటం ముందు దీపం పెట్టేది. చలికి వణికితే నుదురు తాకి చూసేది, చెయ్యి చాలాసేపు తీసేది కాదు. ఆయన మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు. ఆమె భయపడుతూ భయపడుతూ ఉండగానే ఆయన జుట్టు నెరిసింది, పళ్లు ఊడాయి, ఊతకర్ర వచ్చింది. చివరికి జ్వరమొచ్చి పోయింది అత్తే. పోయే ముందు కూడా మావ నుదురు చూసింది.

ఆ తర్వాత నేను కాత్ర్ బోర్న్ పట్నంలో కాపురం పెట్టాను. ఒకసారి సంతలో కొన్న దుంపల సంచి మూతి కట్టడం మరిచి కిటికీ పక్కన వదిలేశాను. కొన్నాళ్లకి చూస్తే పైన ఎండ తగిలినవి పచ్చబడ్డాయి. చెయ్యి లోపలికి పెట్టి తీస్తే అడుగువన్నీ మామూలుగా ఉన్నాయి. పై దుంపకే ఒక వైపు పచ్చగా, రెండో వైపు మట్టిరంగుగా ఉంది. చాలాసేపు ఆ దుంపని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఎండ. ఇంతా చేసి ఎండ. అత్తకి ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే ఆమె ఎన్ని రాత్రులు నిద్రపోయేదో.

అది పట్టుకునే నువెల్ ఫ్రాన్స్ వెళ్లి మావకి చూపించాను. ఆయన దుంపని అటూ ఇటూ తిప్పి చూశాడు. “దానికి సెప్పకపోడమే మంచిదయ్యిందిరా,” అన్నాడు. “సామి కాదన్నాడంటే ఎలాగో ఓర్సుకుంది. నా సేతుల్తో నేనే పాడుసేసుకున్నానని తెలిస్తే ఓర్సుకునీదా?” దుంపని తిరిగి నా చేతిలో పెట్టి మళ్లీ ఆయనే అన్నాడు, “ఏమో, నవ్వీదేమో. జొరానికి ముందు ఎంత నవ్వీదో నువ్వు సూళ్లేదు.”

ఇప్పుడు మా ఇంట్లో దుంపలు చీకటి మూలలో, మూతి కట్టిన సంచిలో ఉంటాయి. పచ్చబడ్డవాటిని నేనే ఏరి పారేస్తాను, ఎవరు ఏమన్నా వినను. అప్పన్న పూజ నాడు మాత్రం పొద్దున్నే ఒక మంచి దుంప తీసి కడిగి పటం ముందు పెడతాను, పూజ అవగానే వంటింట్లోకి తీసుకుపోతాను. ఎండకి అంతకన్నా సమయం ఇవ్వను. అంత తెలిసినవాణ్ణయినా, తీసుకెళ్లే ముందు ఎవరూ చూడకుండా దాన్ని ఒకసారి స్వామి వైపు తిప్పుతాను. ఎటు వీపో నాకు ఇప్పటికీ తెలియదు.