చార గీసిన పన్ను

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వనపర్తిలో, పళ్ల దవాఖాన వెనక గదిలో ఉండే మా డెంటల్ ల్యాబ్‌కు మిల్లింగ్ మెషిన్ వచ్చింది. అంతకుముందు క్రౌన్, అంటే పంటి తొడుగు, పింగాణీ పొడిని కుంచెతో పొరలు పొరలుగా పేర్చి కాల్చి చేసేవాణ్ణి. ఇప్పుడు నోట్లో స్కానర్ తిప్పితే పన్ను కంప్యూటర్‌లో కనబడుతుంది, మెషిన్ గాజు జాతి సిరామిక్ దిమ్మను చెక్కి చేతిలో పెడుతుంది. ఆ దిమ్మ ఊదా రంగులో ఉంటుంది. ఫర్నేస్‌లో కాలిస్తేనే గట్టిపడి పంటి రంగుకు తిరుగుతుంది. ఎందుకలా మారుతుందో శిక్షణలో చెప్పారు గానీ, నాకు సగమే బుర్రకెక్కింది.

ఆ రోజుల్లోనే వీపనగండ్ల నుంచి సువార్త అనే ఆమె వచ్చింది, చెల్లెలు మరియను వెంటబెట్టుకుని. పుణెలో బిల్డింగు పనిలో ఇనుప చువ్వ తగిలి సువార్త ముందుపన్ను సగం విరిగింది. అప్పటి నుంచి మాట్లాడినా నవ్వినా కొంగు నోటికి అడ్డం పోతోంది. మళ్లీ పనికి పోయేలోగా పన్ను కావాలి.

"నలుగుర్ల కూసొని బువ్వ తినబుద్ధయితలేదు సారూ. జర మంచిగ చెయ్యుండ్రి" అంది.

కాల్చకముందే కొలత చూడడం మా పద్ధతి. డాక్టరమ్మ ఊదా పన్నునే తొడిగి అద్దం ఇచ్చింది. సువార్త బిత్తరపోయింది.

"గిదేంది సారూ, అల్లనేరేడు పండు తిన్నట్టుంది?"

"కాలిస్తె తెల్లగయితదమ్మా."

"కాలిస్తె నల్లగయితది గని తెల్లగెట్లయితది?"

మరియ పకపకా నవ్వింది. సువార్త కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకునే.

కాల్చి తీశాను. చిన్న మచ్చ లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. అతికించకముందు ఒకసారి తొడిగి చూపిస్తే, సువార్త అద్దంలో చాలాసేపు చూసుకుని మళ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకేమీ అర్థం కాలేదు. కొలత చూశాను, అంచులు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"నొప్పయితుందా అమ్మా?"

"లేదు."

"పెద్దగున్నదా?"

"లేదు సారూ. మంచిగనే ఉంది."

మంచిగా ఉంటే కళ్లలో ఆ నీళ్లేమిటి? నేను డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది.

చివరికి మరియే చెప్పింది. "గా పన్నొక్కటే నవ్వుతున్నట్టుంది సారూ. అక్క నవ్వుతలేదు."

అప్పుడు మరియ పళ్లు చూశాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు ఉండే గోధుమరంగు చారలు. సువార్త మిగతా పళ్ల మీదా అవే చారలు. స్కానింగ్ రోజే నా కంట పడ్డాయి, మరకలు ఎవరికి కావాలిలే అని వదిలేశాను.

"చార గీయమంటవా?" అని సువార్తను అడిగాను, నమ్మకం లేకుండానే.

"గీయుండ్రి సారూ. మా ఇంట్ల అందరికున్నట్టు."

మరియను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె పళ్లు చూస్తూ, స్టెయిన్ అనే రంగును సన్నని కుంచెతో అద్దాను. మంచి పన్నును చేజేతులా పాడు చేస్తున్నానని మనసు పీకుతూనే ఉంది. కాలిస్తే ఆ రంగు ఇక చెరగదు. కాల్చాను.

అతికించాక మరియ అక్క చెవిలో ఏదో అంది. సువార్త గట్టిగా నవ్వింది. కొంగు భుజం మీదే ఉంది.

దాంతో నాకు అంతా తేటతెల్లమైందనుకుంటే పొరపాటు. కొద్దిరోజులకే వాళ్ల తమ్ముడొచ్చి, తన పళ్ల మీది చారలు కనబడకుండా తెల్లటి తొడుగులు వేయమన్నాడు. ఏది మంచి పన్నో నాకిప్పటికీ తెలియదు. షేడ్ గైడ్, అంటే పంటి రంగులు సరిచూసే పట్టీ, రోజూ చేతిలోనే ఉంటుంది. కాకపోతే అది బయటికి తీసేముందు ఎదుటి మనిషిని ఒకసారి నవ్విస్తాను, చెయ్యి ఎటు పోతుందో చూస్తాను.