మింగని గుక్క

దుబాయ్‌లో ఒక హోటల్ వైన్ స్టోరు చూసుకునే రోజుల్లో ఏటా లెబనాన్ నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. అక్కడ కొండమీద వాళ్ళకి ద్రాక్షతోట ఉంది. వైన్ చేసేది ఆవిడా, ఆవిడ భర్తా. తాము పంపిన సీసాల్లో ఒకటి తెరిచి, ఒక్క గుక్క నోట్లో తిప్పి, బకెట్లో ఉమ్మేసేది. సొంత సరుకుని ఉమ్మేయడమేమిటని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మింగానంటే మా ఇంటిదని మెచ్చేసుకుంటాను," అని నవ్వింది. నచ్చకపోతే "ఇది ఖలాస్!" అని పెట్టెలకి పెట్టెలే వెనక్కి పట్టుకుపోయేది.

కరోనాకి హోటల్ మూతబడింది. కరెంటు దండగని మా ముదీర్, అదే మేనేజరు మహానుభావుడు, స్టోరు ఏసీ ఆపించేశాడు. ఆ ఎండలకి బిరడాలు పైకి తన్నుకొచ్చి, వైన్ కారి, సీసాలన్నీ జిగురు పట్టాయి.

విమానాలు మొదలవగానే ఆవిడ వచ్చింది, నల్లబట్టల్లో.

"ఆయన పోయాడు. ఇవి ఆయన చేసిన ఆఖరి సీసాలు," అంది.

నాతో పనిచేసే కామారెడ్డి అతను నా చెవిలో, "ఏసీ సంగతి చెప్పకే అన్నా, మన నౌకర్లు పోతయ్," అన్నాడు.

ఆవిడ జిగురు సీసా తుడిచి, గ్లాసులో పోసుకుంది. ఎర్రగా ఉండాల్సిన వైన్ ఇటుకరంగుకి తిరిగింది. వాసన చూడగానే ఆవిడ మొహం మారిపోయింది. నేను తల దించుకుని బకెట్ ముందుకి జరిపాను.

ఆవిడ దాన్ని కాలితో పక్కకి నెట్టేసింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా గుక్క గుక్కా మింగింది.

"బాగుంది," అంది, ఎవరివంకా చూడకుండా.