పళ్లెం కింద నోటు

ప్రపంచ పటం ముందు పెట్టి జపాన్ ఎక్కడుందో చూపించమంటే బాలరాజు తెల్లమొహం వేసేవాడు. కానీ ఏ దేశం వాడు డ్రైవరు చేతిలో ఎంత పెడతాడో అతన్ని అడిగి తెలుసుకోవాల్సిందే. అమెరికా వాడు బేగంపేట విమానాశ్రయంలో దిగేటప్పుడు భుజం తట్టి మరీ ఇస్తాడు. జర్మనీ వాడు బిల్లులో మిగిలిన చిల్లర వదిలేస్తాడు, అంతకు మించి ఆశ పడకూడదు. స్విట్జర్లాండు నుంచి వచ్చిన ఒకావిడ చాక్లెట్ డబ్బాతో సరిపెట్టింది. తుర్కపల్లిలో ల్యాబులు లేచాక, ఒక మందుల కంపెనీకి సుమో నడుపుతూ రెండు మూడేళ్లలో అతను సంపాదించిన జ్ఞానం ఇది. అంతకు ముందు రావల్కోల్‌లో ఒకరి ట్రాక్టరు నడిపేవాడు. పొలం దున్నించుకున్న రైతు పొద్దుగూకాక ఒక సీసా కల్లు పోయిస్తే అదే మహాభాగ్యం.

తండ్రి ఎంకయ్య పోయాక ఇంట్లో మిగిలింది బాలరాజూ, తల్లి ఈదమ్మా. ఈదమ్మ నాట్లకూ కలుపుకూ కూలికి పోయి కొడుకును పెంచింది. చేసిన పనికి రూపాయి తక్కువిస్తే ఊరుకునేది కాదు. పెట్టిన బువ్వ సంగతి మాత్రం వేరు. గాజులమ్మే మనిషి వచ్చినా, కరెంటు మీటరు చూసే మనిషి వచ్చినా తిన్నావా అని అడగకుండా పంపేది కాదు. కరువు ఏడాది కూడా ఆ ఇంటి నుంచి ఎవరూ కడుపు మాడ్చుకుని పోలేదని వాడలో చెప్పుకునేవారు. ఆమెకున్న ఆస్తల్లా ఆ మాటే.

రెండు వేల మూడులో జపాన్ నుంచి మొరిత అనే ఇంజనీరు యంత్రం బిగించడానికి మూడు నెలల పని మీద వచ్చాడు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. డ్రైవరు పేరు చివర కూడా గౌరవంగా ‘సాన్’ తగిలించేవాడు. షామీర్‌పేట రోడ్డు మీద దాబాకు వెళితే బాలరాజును తన ఎదురుగానే కూర్చోబెట్టుకుని తినిపించేవాడు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, బిల్లు కట్టాక ఆఖరి రూపాయి దాకా ఏరుకుని పర్సులో వేసుకునేవాడు. మూడు వారాలైనా బాలరాజు చేతిలో ఒక్క నోటు పడలేదు. వంగి దండం మాత్రం రోజుకు నాలుగు సార్లు పడేది.

పిసినారి అని బాలరాజు తేల్చేశాడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన మనిషిని అలా అనుకోవడానికి అతనికి నోరెలా వచ్చిందో మరి.

ఒకరోజు దాబాలో పక్క బల్ల వాళ్లు పళ్లెం కింద నోటు పెట్టి లేవడం చూసి, అది మీ ఆచారమా అని మొరిత అడిగాడు. బాలరాజుకు ప్రాణం లేచొచ్చింది.

“అవును సార్. మా దగ్గర అన్నం పెట్టిన మనిషికి తిన్నాక ఏదో ఒకటి ఇవ్వాలి. ఇవ్వకపోతే మనసు కష్టపెట్టుకుంటారు. డ్రైవర్‌కు కూడా ఇవ్వాలి” అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. మొరిత జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాటలన్నీ రాసుకున్నాడు.

మరునాడు పళ్లెం కింద పది రూపాయలు పెట్టాడు. వడ్డించే బుల్లిబాబు కోనసీమ నుంచి కొత్తగా వచ్చినవాడు, నిజాయితీపరుడు. సుమో దాకా పరిగెత్తుకొచ్చి, “సార్, డబ్బులు మర్చిపోయారండి” అని నోటు చాపాడు. ఏమంటున్నాడని మొరిత బాలరాజు వైపు చూశాడు. అక్కడ ఒక్క నిజం చెప్పి ఉంటే ఈ కథే లేదు.

“తక్కువైంది అంటున్నాడు సార్. మా దగ్గర వెనక్కి తెచ్చిచ్చారంటే సరిపోలేదని అర్థం.”

మొరిత చెవులు ఎర్రబడ్డాయి. బుల్లిబాబుకు తల వంచి, పదికి బదులు యాభై ఇచ్చాడు. బుల్లిబాబు ఏమీ అర్థం కాక నోటు కళ్లకద్దుకున్నాడు. ఆ రోజు నుంచి బాలరాజుకూ రోజూ యాభై వచ్చేది. తన తెలివికి తానే మురిసిపోయాడు.

నెల తిరిగేసరికి దాబా నూనెకు మొరిత కడుపు పాడైంది. ఆ సంగతి ఇంట్లో చెబితే ఈదమ్మ మనసు నిలవలేదు.

“ఏ తల్లి కన్న బిడ్డనో, పాపం. ఆదివారం ఇంటికి తోల్కరా. ఏం తింటరు వాళ్లు?”

“బువ్వ, చాపలంట.”

“మరి మనోడే గదరా.”

ఆదివారం ఈదమ్మ వాకిలి అలికి ముగ్గు పెట్టింది. చెరువు మీద వలలేసే వాళ్ల దగ్గర కొర్రమట్ట కొనుక్కొచ్చి, కారం తగ్గించి అతనికోసం వేరే గిన్నెలో పులుసు పెట్టింది. దొడ్డు బియ్యం తినే ఇంట్లో ఆ రోజు సన్నబియ్యం ఉడికాయి. మొరిత చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముల్లు ముల్లూ ఏరి, మూడుసార్లు పెట్టించుకుని తిన్నాడు. ఈదమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ, “ముండ్లు తీసుడు మస్తు ఎరుకనే ఈయనకు” అని మురిసింది.

బాలరాజు బండి తిప్పడానికి బయటికి వెళ్లాడు. కాసేపటికి మొరిత వచ్చి, ఈదమ్మకు నడుము దాకా వంగి దండం పెట్టి ఎక్కాడు. బండి కదలబోతుంటే ఈదమ్మ తడి చేతులతో, ఉత్త కాళ్లతో పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఐదు వందల నోటు.

“ఆగు బిడ్డా. సారు పైసలు పడిపోయినయి. పళ్లెం కింద ఉండె.”

ఆ నోటు చూడగానే మొరిత ముఖం పాలిపోయింది. బండి దిగి, క్షమించమంటూ, ఇంకో ఐదు వందలు తీసి రెండు చేతులతో ఆమె ముందు పట్టుకుని తల వంచి నిలబడ్డాడు.

పక్కింటి సత్యమ్మ గోడ మీదుగా చూస్తూనే ఉంది. “గదేంది ఈదమ్మా, బువ్వకు పైసలు తీస్కుంటున్నవా?”

ఈదమ్మ కొడుకు వైపు తిరిగింది. “ఎందుకిస్తుండురా? నేను అడిగిననా?” అంది.

బాలరాజు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నోరు విప్పితే తన గుట్టు, విప్పకపోతే తల్లి మర్యాద. అతను మూడో దారి వెతుక్కున్నాడు.

“వాళ్ల దేశంల గంతేనంటమ్మా. తింటే పైసలిస్తరు.”

“కన్నతల్లి పెట్టినా?”

“ఆఁ. ఇస్తరంట.”

ఈదమ్మ మొరిత చేతిలోని నోటు కూడా అందుకుంది. తర్వాత రెండు నోట్లూ అతని చొక్కా జేబులో పెట్టి, పైన అరచేత్తో అదిమింది. “గిదంతా ఈడ లేదని చెప్పు” అంది.

బాలరాజు చెప్పలేదు. బండి పోనిచ్చాడు.

ఊరు దాటాక మొరితే అడిగాడు, అమ్మగారికి కోపం వచ్చిందా అని. లేదన్నాడు బాలరాజు. మాట మార్చడానికి, మీ దేశంలో ఎంత ఇస్తారని అడిగాడు.

“మా దేశంలో ఎవరూ ఇవ్వరు. హోటల్లోనూ ఇవ్వరు. మర్చిపోయి వదిలేస్తే వెంట పరిగెత్తి వచ్చి ఇచ్చేస్తారు. మీ అమ్మగారు అలాగే వచ్చారు. మా అమ్మ కూడా అలాగే వస్తుంది. కానీ ఇక్కడ దానర్థం తక్కువైందని కదా, నువ్వు చెప్పావు.” జేబు మీద చెయ్యి పెట్టుకుని, “ఆ నోటు పెట్టేటప్పుడు నాకు చాలా కష్టమనిపించింది” అన్నాడు.

బాలరాజుకు సిగ్గేసింది. పిసినారి అనుకున్న మనిషి పిసినారి కాదు. అతని దేశం మీద తాను నింద వేశాడు. ముష్టి యాభై రూపాయల కోసం తల్లి చేతి బువ్వకు వెల కట్టించాడు, అదీ సత్యమ్మ కళ్లముందు. మొరితను గెస్టుహౌసులో దింపేటప్పుడు అతను అలవాటుగా యాభై చాపితే, బాలరాజు వద్దని తలూపాడు గానీ ఎందుకు వద్దో చెప్పే ధైర్యం రాలేదు.

ఇంటికొచ్చేసరికి ఈదమ్మ మిగిలిన పులుసును స్టీలు డబ్బాలో సర్దుతోంది.

“రేపటి సంది ఆయనకు నేనే వండి పంపుత. పైసలద్దని గట్టిగ చెప్పు. సత్యమ్మకు గూడ చెప్పిన, ఆయన తప్పు లేదు, ఆ దేశమే గట్లదని. తల్లికి పైసలిచ్చి తినుడేందిరా, ఎట్ల బతుకుతున్నరో పాపం.”

ఆ జాలి బాలరాజు తట్టుకోలేకపోయాడు. గడపలో కూలబడి, మొదటి పది రూపాయల నుంచి అన్నీ చెప్పేశాడు.

ఈదమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. డబ్బా మూత బిగించి గూట్లో పెట్టింది.

“పొద్దుగాల సారుకు నిజం చెప్పు. చెప్పినంకనే గీ డబ్బ ఇయ్యి. సత్యమ్మకు నేను చెప్పుకుంట.”

ఎప్పటిలాగే పళ్లెం కడిగి అతని ముందు పెట్టింది. అన్నం వడ్డించి, మంచి ముక్క చూసి పులుసు పోసింది. బాలరాజు ముద్ద కలుపుతుంటే చూస్తూ కూర్చుంది.

“తిను బిడ్డా” అంది. “కిందేం పెట్టకు.”