ఆరిపోతున్న పొయ్యి

నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో గున్‌వోర్ ఒంటరిగా కాడ్ చేపల వేటకు వెళ్తుంది. ముప్పై ఏళ్లుగా తన పడవకు ఏ జబ్బు చేసినా తనే కుదిర్చుకుంది. అలాంటిది ఆ ఫిబ్రవరిలో పడవలోని గదిని వెచ్చబెట్టే డీజిల్ పొయ్యి ఆమెను మూడు రోజులు ఏడిపించింది. వెలిగించిన అరగంటకల్లా మంట కొడిగట్టేది. ఆమె పొగగొట్టం దులిపింది, మసి గీకింది, ఫిల్టరు మార్చింది. అయినా అంతే. తడిసిన చేతితొడుగులు ఆరక, వేళ్లు కొంకర్లు పోయి, రేవు వదల్లేకపోయింది.

మూడో రోజు పక్క పడవ నుంచి అన్న అస్లాక్ వచ్చాడు.

"ఇంకా దీంతోనే కుస్తీ పడుతున్నావా?"

"ఎగతాళికైతే దిగిపో అన్నయ్యా. డీజిల్ ఉంది, గొట్టం శుభ్రంగా ఉంది. చూడు, మళ్లీ చస్తోంది."

అస్లాక్ ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమంటూ గాలి లోపలికి పోయింది. కాసేపటికి మంట లేచింది.

"ట్యాంకుకు ఊపిరాడటం లేదే, అందుకే డీజిల్ దిగట్లేదు. గాలి రంధ్రం ఏదీ?"

టార్చి వేసి వెతికారు. ట్యాంకు పైనున్న సన్నటి రంధ్రం తెల్లరంగుతో పూడుకుపోయి ఉంది.

"రంగెవరు వేశారు?"

"నేనే. అక్టోబరులో. ఆ తర్వాత పొయ్యి వెలిగించింది ఇప్పుడే."

అస్లాక్ నవ్వు ఆపుకున్నాడు. ఆమె సూదితో రంగు పొడిచి తీసింది. మూత బిగించాక కూడా మంట నిలిచింది, గది వెచ్చబడింది. గున్‌వోర్‌కు మాత్రం సంతోషం రాలేదు.

"డీజిల్ చూద్దామని ఎన్నిసార్లు మూత తీశానో. తీసినప్పుడల్లా మంట లేచేది. ఒక్కసారైనా తట్టలేదు" అని తన్ను తానే తిట్టుకుంటూ వలలు సర్దడానికి పైకెళ్లింది.