చింతచెట్టు లేని గుంత

మా చెరువులో చేపలకు పట్టాలు లేవు, కాగితాలు లేవు. నీళ్ళు తగ్గేకొద్దీ చేపలన్నీ చెరువు అడుగున ఉన్న గుంతల్లోకి చేరతాయి. ఒక్కో గుంత ఒక్కో ఇంటిది. ఎండాకాలంలో చేపలు దాక్కోవడానికి ఎవరు తుమ్మకంప వేస్తే గుంత వాళ్ళది. ఒక్క ఏడు మానేస్తే ఎవరైనా తీసుకోవచ్చు. చెరువు నెర్రెలిచ్చిన ఏళ్ళలో కూడా నాయన మానలేదు. "చేపలకు ముందే ఇల్లు కట్టిస్తాండావా?" అని ఎగతాళి చేసేదాన్ని.

ఆమధ్య ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. గుంతకల్లులో రైల్వే ఉద్యోగానికి సెలవు పెట్టి, ఆ ఏడు కంప నేనే మోశాను.

"రోడ్డుపక్క చింతచెట్టు, కొండమీద గుండురాయి ఒక వరసలో కనపడాల. ఆడ వెయ్యి" అన్నాడు నాయన.

రోడ్డుపక్క ఉన్నది ఒకటే చింతచెట్టు. వరస చూసుకుని వేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చాను.

వానలకు చెరువు నిండింది. నీళ్ళు తగ్గాక అందరూ వలలతో దిగారు. మా పక్క గుంత చిన్నాయనది, అంటే నాయనకు తమ్ముడి వరసైన మనిషిది. ఆ ఏడు ఆయన కంప వేయలేదు, అయినా వల వేస్తే అందులో కంప తగిలింది.

"ఒక్క ఏడు ఏమరితే నా గుంత కాజేస్తావా అన్నా?" అని ఆయన ఎగిరిపడ్డాడు.

"నేను నా గుంతలోనే వేయించినా!" అని నాయన అరిచి, అటు చూశాడు. మా గుంతలో పుల్ల కూడా లేదు. నాయన చెప్పిన చెట్టును ఆ ఏడే రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేశారు, మసక చూపుతో నాయన గమనించలేదు. నేను చూసింది వేరే చెట్టును. పొరపాటు నాదేనని అందరి ముందూ ఒప్పుకున్నాను.

నాయన చిన్నాయన గుంతలోని కంపను తన చేతుల్తోనే ఈడ్చేశాడు. చిన్నాయన మెత్తబడ్డాడు.

"నీ గుంత జోలికి నేను రానులే. అయినా నీ బిడ్డకు గుంతే తెలీదు. నీ తర్వాత ఇది ఎవురిదన్నా?"

నాకు తల కొట్టేసినట్టయింది.

ఈ ఎండాకాలం నాయన నన్ను మా గుంతలో నిలబెట్టి, ఏం కనపడుతోందని అడిగాడు.

"సెల్ టవరూ గుండూ ఒక వరసలో ఉన్నాయి నాయనా."

"టవర్ కూడా పీకేస్తే?"

పక్క గుంతలో కంప దించుతున్న చిన్నాయన తలెత్తాడు.

"నేనుండాను గదన్నా. పాపకు నేను చూపిస్తాలే."

నాయన కాక మా గుంత హద్దు తెలిసిన మనిషి ఊళ్ళో ఆయనొక్కడే. నాయన ఆయన్ని అనుమానంగా చూశాడు. తర్వాత, కంప తెమ్మని నాకు సైగ చేశాడు.