వెంకటప్పయ్య గారి పేడ తట్ట

దేవుడు ఎదురైతే దండం పెట్టి ముందుకు సాగిపోగలరు గాని, రోడ్డు మీద పేడ కనిపిస్తే మాత్రం మా పక్కింటి వెంకటప్పయ్య గారు అడుగు కదపలేరు.

కృష్ణా జిల్లా నుంచి వచ్చి పర్ణశాల దారిలో పొలం కొనుక్కున్న ఆసామి. ఎనభైల్లో సర్కారు సబ్సిడీతో పెరట్లో గోబర్ గ్యాస్ కట్టించారు. ఆనాటి నుంచి ఆయన కంటికి పశువు ముందు భాగం ఆనడం మానేసింది. ఎదురొచ్చే గేదెకు దారిచ్చి, తాను వెళ్లే పని మరిచి, తట్టతో దాని వెనకే నడిచేవారు.

మా చెల్లి పెళ్లిలో అక్షింతలు వేసే వేళకు మాయమయ్యారు. విడిది ముందు బండెడ్ల దగ్గర దొరికారు.

"అక్షింతలేవి బాబాయ్?"

"ఎద్దు మీద వేశా. చేతులు ఖాళీ కావాలిగా!"

శ్రీరామనవమికి భద్రాచలం పోయే బండ్ల వెంట నడుస్తుంటే, కాలినడక మొక్కనుకుని యాత్రికులు పానకం పోశారు. తాగి, మూతి తుడుచుకుని, "ఎడ్లకు మేత కాస్త దండిగా వేయండి నాయనా" అన్నారు.

ఇంతలో కొత్త గార్డొచ్చి అడవిలో పుల్ల విరవొద్దన్నాడు. అడవి బతకాలి, పొగ తగ్గాలి, కాదనను. కానీ దుంగల లారీకి సలాం కొట్టి, మోపు మోసే ఆడదాని గొడ్డలి గుంజుకోవడం ఏం న్యాయం? లోకానికి చేసే మేలుకు మొదటి చందా ఎప్పుడూ లేనివాళ్ల పొయ్యి దగ్గరే వసూలు చేస్తారు.

వెంకటప్పయ్య గారి పెరటి కంచె అవతల సంపూర్ణ ఇడ్లీలమ్మి బతికేది. కట్టెలు ఆగిపోయాక పిడకలు చేసుకుందామనుకుంది. రోడ్డు మీద పేడ మిగిలితేగా! ఓ పొద్దున ఆయన తట్టకు అడ్డంగా నిలబడింది.

"కట్టెలు గార్డు గుంజుకపాయె, పేడ నువ్వు ఎత్తుకపోతివి. ఇగ ఇడ్లీలు ఎండకు ఉడకబెట్టాల్నా ఏంది, పెద్దయ్యా? పొయ్యి ఆరితే నా బతుకు గూడ ఆరినట్టే!"

ఆయన తట్ట దించి, తల వంచుకుని వెళ్లిపోయారు. బుద్ధొచ్చిందనుకున్నాం. మర్నాడు తట్ట బదులు తోపుడుబండి తీశారు!

ఊరంతా ఛీ కొట్టింది. విచిత్రంగా సంపూర్ణ మాత్రం తిట్టడం మానేసింది.

ఇంకో విచిత్రం ఆయన భార్య భారతమ్మ గారి వంటింట్లో. బండ్ల కొద్దీ పేడ పెరట్లోకి వస్తున్నా పొయ్యి మీద కాఫీ కాగేలోపే మంట నీరసపడేది.

"ఏమయ్యా, ఊరి గొడ్లన్నీ మనకోసమే తింటున్నాయి. నేనేమో మళ్లీ పత్తికట్టె ఊదుతున్నా!"

"ఎక్కడో లీకుందే. చూస్తాగా."

చూసి చూసి విసిగి, ఆవిడే గడ్డపార తీసుకుని పైపు వెంట తవ్వుకుంటూ పోయారు. గలాటా వినిపించి నేనూ వెళ్లాను. చిక్కుడుపాదు దగ్గర పైపుకి ఇంకో కొమ్మ మొలిచింది. అది కంచె కింద దూరి, సంపూర్ణ గుడిసెలో తేలింది. అక్కడ నీలం మంట మీద ఇడ్లీ గిన్నె పొగలు కక్కుతోంది.

"నీకు చెప్పొద్దని పెద్దయ్య ఒట్టు పెట్టించుకుండమ్మా," అంది సంపూర్ణ.

అప్పుడే తోపుడుబండితో వచ్చారు మా హీరో.

"ఇదేనా మీ లీకు?"

"దాని పిడకలు మనం ఎత్తుకొచ్చామే. మంటైనా ఇవ్వకపోతే దొంగతనం కాదూ?"

"నాతో చెబితే ఏం పోయింది?"

"నీ కంటికి పొగ తగలకూడదనేగా అది కట్టించింది. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

భారతమ్మ గారు గడ్డపార గోడకు ఆనించి, పీట లాక్కుని, ఇడ్లీ తుంచి నోట్లో వేసుకున్నారు.

"ఉడకలేదు," అన్నారు. "మంట చాలట్లేదు."

తర్వాత కొన్నాళ్లకు అందరం మధిరలో పెళ్లికి బస్సులో పోతున్నాం. "ఆపు డ్రైవరూ, ఆపు!" అని కేక. అలవాటుగా అందరం వెంకటప్పయ్య గారి వైపు చూశాం. ఆయన కిటికీకి తలానించి గురక పెడుతున్నారు.

పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపి, సీటు కింది గోనెసంచి లాగుతూ భారతమ్మ గారు ఆయన్ని ఒక్క పోటు పొడిచారు.

"లేవయ్యా జల్దీ! మంద వెళ్లిపోతోంది!"