వాగవతలి గడ్డి

మందను గడ్డిలోకి వదిలే ముందు కాటమయ్య వంగి గుప్పెడు పోచలు లాగేవాడు. పోచలు తెగితే గొర్రెలను వదిలేవాడు. వేళ్లతో సహా ఊడివస్తే వాటిని మళ్లీ నేలకు అదిమి, మందను వెనక్కి తిప్పేవాడు. ఊరి గొల్లలందరూ ఆయన చేతివైపే చూసేవారు.

నార్కట్‌పల్లికి తూర్పున, గుట్టల కింద, ఆ ఊరి బంచరాయి ఉండేది. అందరి జీవాలూ మేసే భూమి అది. వానకాలమంతా వాగుకు ఇవతలే మేపుకునేవారు. అవతలికి దసరా దాకా ఒక్క గొర్రెను కూడా దాటనిచ్చేవారు కాదు. ఎండాకాలం మందలు బతికేది ఆ దాచిన గడ్డి మీదే. ఆ కట్టుబాటుకు కాటమయ్యే కావలి.

సాగర్ ఆనకట్ట కడుతున్న రోజులవి. అక్కడ రాళ్లు మోసి ఊరికి తిరిగివచ్చిన ఎల్లస్వామికి గుంటెడు భూమి కూడా లేదు. అతని వాడలో ఎవరికీ లేదు. వాళ్లకు భూమి చూపించడానికి భాద్రపదంలో రెవెన్యూ ఆఫీసు నుంచి గిర్దావరు వచ్చాడు. వాగు దాటి మోకాలెత్తు గడ్డిలో నిలబడ్డాడు. ఎక్కడా డెక్కల గుర్తు లేదు, పెంటిక లేదు.

"ఇక్కడ మీ గొర్రెలు మేస్తాయా?"

"మేయయి సారూ. మేం రానియ్యం," అన్నాడు కాటమయ్య, కొంత గర్వంగానే.

"అయితే ఇది మీకు అక్కర లేని జాగా."

కాదని చెప్పబోయాడు కాటమయ్య. కొలత గొలుసు కొస పట్టుకొని ఎల్లస్వామి అప్పటికే గడ్డిలో పరుగెత్తుతున్నాడు. కాటమయ్య నోరు మూసుకున్నాడు.

ఇంట్లో భార్య ఈదమ్మ ఊరుకోలేదు. "దాచుకున్నమని ఒక్క మాట చెప్తే నీ నోట్లకెల్లి ముత్యాలు రాల్తుండెనా?"

"వాళ్లు గూడ తినాలె గదనే."

"మరి మన జీవాలు? గాలి మేస్తయా?"

ఆయన గొంగడి కప్పుకొని అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారి మందతో వాగు దాటాడు. అడిగి తెచ్చుకున్న ఎడ్లకు ఎల్లస్వామి నాగలి కడుతున్నాడు. మందను చూసి, ముల్లుకర్ర ఎత్తి అడ్డం వచ్చాడు.

"ఏంది మామా, కొట్లాటకొచ్చినవా?"

"కొట్లాడనీకి నా నోట్ల పండ్లున్నయా అల్లుడా? గింత గడ్డి మట్టిల కలుపుతవా? జర ఆగు, మేయనియ్యి. రాత్రిళ్లు మంద నీ చేన్లనే పండుకుంటది. గా ఎరువుకు ఉలవలు మంచిగ మొలుస్తయి."

"ఎండకాలం మీ గతేంది మరి?"

"కాళ్లున్నయి గద. కృష్ణ దిక్కు తోల్కపోతం."

ఎల్లస్వామి ముల్లుకర్ర దించి, ఎడ్లను విప్పాడు.

కాటమయ్య వంగి గుప్పెడు పోచలు లాగాడు. తెగాయి. మందను వదిలాడు.